జక్కయ్య లెక్క సరిచూచుకొనెను, మనమో?



ఉజ్జీవ కూటములలో మన సంఘములవారు బహుగా ఏడ్చుదురు. మూడు రాత్రులు మోకాళ్లూని కన్నీరు విడిచి, నాలుగవ దినమున పొలమునకు పోవుదురు. అయితే పొరుగువాని చేనిలోనికి జరిపిన గట్టు జరిపిన చోటనే యుండును. విధవరాలి యొద్ద తెచ్చిన అప్పు తీరదు. చెల్లెలికి రావలసిన భూమి అన్న పేరనే యుండును. ఇది మారుమనస్సా?

కన్నీరు వ్యర్థమని నేననను. పేతురు ఏడ్చెను, ప్రభువు అతని చేర్చుకొనెను. సొమ్ము తిరిగి యిచ్చినంత మాత్రమున చాలుననియు అనను. యూదా ముప్పది వెండి నాణెములు తిరిగి యిచ్చెను గాని ప్రభువు నొద్దకు తిరిగి రాలేదు. దేవునివైపు తిరిగిన హృదయము, పొరుగువాని సొమ్ము తిరిగి యిచ్చు చేయి, ఈ రెండును కలిసియే మారుమనస్సు.

"మనము కృపచేత రక్షింపబడినవారము, తిరిగి యిచ్చుట ధర్మశాస్త్రపు మాట" అని కొందరు వాదింతురు. వారు యెరికోకు పోయి చూడవలెను. ప్రభువు మొదట జక్కయ్యను మేడిచెట్టు దిగుమని పిలిచి, అతని యింట ప్రవేశించెను. కృప ముందు వచ్చెను, లెక్క తరువాత వచ్చెను. తన తప్పు ఒప్పుకొనినవాడు అసలుతో పాటు అయిదవ వంతు కలిపి యియ్యవలెనని సంఖ్యాకాండము 5వ అధ్యాయము విధించుచున్నది. అనగా 100 రూపాయలకు 120. జక్కయ్య నాలుగంతలకు, అనగా 400 రూపాయలకు ఒప్పుకొనెను. కృప అతని లెక్కను కొట్టివేయలేదు, పెంచెను.

1517లో మార్టిన్ లూథరు విట్టెన్‌బర్గులో 95 వాదాంశములను వెలువరించెను. విశ్వాసి జీవితమంతయు మారుమనస్సుగా నుండవలెననునదే వాటిలో మొదటిది. ఆ దినములలో రూకలిచ్చి పాపపరిహార పత్రములు కొనువారుండిరి. వారిని తలంచి మనము నవ్వుదుము. ఏటికొకసారి ఏడ్చి, అన్యాయపు సొమ్మును ఇంటనే ఉంచుకొనువాడు అదే పత్రమును కన్నీటితో కొనుచున్నాడు కాడా?

ప్రభు భోజనమునకు ముందు ఎవరిని వారు పరీక్షించుకొనవలెనని పౌలు కొరింథు సంఘమునకు వ్రాసెను. ఎందుకు? కలిగినవారు ముందుగా తిని త్రాగుచుండగా పేదలు ఆకలితో కూర్చుండిరి గనుక. ఆ పరీక్ష పేద సహోదరుని గూర్చినదే. మనమో, ఎవడు కల్లు త్రాగెనో, ఎవరింట తగవు పడెనో కంఠతా చెప్పుదుము గాని, మన పాలేరు జీతము ఎన్ని నెలలు నిలిచియున్నదో చెప్పలేము. సంఘ పెద్దలారా, కూలి యెగవేసినవాని పెద్ద కానుకను స్తోత్రములతో పేరు చదివి పుచ్చుకొను సంఘము ఆ పాపములో పాలుగలదే.

కావున వచ్చు సంస్కారపు ఆదివారమునకు ముందు శనివారము రాత్రి దీపము ముందర కూర్చుండి, ఎవరికి ఏమి రావలెనో పేరు పేరున వ్రాయుము. ఇయ్యగలిగినది ఇమ్ము. ఇయ్యలేనిచో పోయి ఆ మాట ముఖాముఖిగా చెప్పి గడువడుగుము. అతడు చనిపోయెనా? వాని దగ్గర బంధువునకు ఇమ్ము. బంధువును లేనిచో అది ప్రభువునకు చెందునని ఆ అధ్యాయమే చెప్పుచున్నది.

సిగ్గగునందువా? అగును. జక్కయ్యయు జనులందరు సణుగుచుండగనే లేచి నిలిచి చెప్పెను. ఆ దినముననే వాని యింటికి రక్షణ వచ్చెను. నీ యింటి వాకిటను ప్రభువు నిలిచియున్నాడు, లెక్క తీయుము.