నాన్న పేరు కింద ఏం రాయాలి

భీమునిపట్నంలో డచ్చివాళ్ల సమాధుల మీద చెక్కిన పేర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. వాళ్లు ఈ ఊరిని ఇంగ్లీషువాళ్లకి వదిలి వెళ్లింది 1825లో. అదే ఒడ్డున బతుకంతా చేపల వేట చేసి పిల్లల్ని పెంచిన మన నాన్నలకి మాత్రం పెదకర్మ నాటి ఫ్లెక్సీయే మిగులుతోంది. జననం, మరణం, కన్నీటి నివాళి. నాన్న అంటే అంతేనా? పావురాళ్లకొండని గురుతు పెట్టుకుని నడిసంద్రంలో చేపలు పడే చోటు పోల్చుకునే నేర్పు ఆయనది, అది ఎవరు రాసుకున్నారు? ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. అది ముగిసే రోజులకే బడులు తెరుస్తారు. చేతిలో పైసా ఆడని ఆ రెండు నెలల్లో వలలు బాగుచేసుకుంటూ, దొరికిన కూలికల్లా పోతూ, పిల్లల పుస్తకాలకి డబ్బెలా కూడబెట్టాడో ఆ ఇంటికి తప్ప తెలీదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక మళ్లీ పడవ కోసం ఎవరి గుమ్మం తొక్కాడో ఇంట్లోనూ అందరికీ తెలీదు. ఫ్లెక్సీ వద్దనను. కానీ పెదకర్మ భోజనాలయ్యాక, చుట్టాలు ఇంకా కదలకముందే, ఆయన సంగతులు రాసుకోవడానికి ఒక నోటుబుక్కు తెరవండి. ముందు అమ్మని అడగండి. ఆయన తెచ్చిన చేపని గంపకెత్తి అమ్మింది, అప్పులూ వడ్డీలూ లెక్క చూసింది ఆవిడే. తర్వాత ఆయనతో పడవెక్కినవాళ్లని అడగండి, వాళ్లూ పెద్దవాళ్లవుతున్నారు.