కోటగోడ – కావలివాడు

కోటగోడ ఎంత దృఢమైనదైనా కావలివాడు నిద్రిస్తే శత్రువు లోపలికి రాక మానడు. కంప్యూటర్ల రక్షణకూ ఇది వర్తిస్తుంది. విండోస్ కంటే లినక్స్ సురక్షితమని కొందరు, విలువైన యంత్రముంటే చాలునని మరికొందరు వాదిస్తారు. ఈ వాదాలలో సత్యం కొంతే.

1988లో ఇంటర్నెట్‌ను అతలాకుతలం చేసిన మోరిస్ వర్మ్ పాకినది యూనిక్స్ యంత్రాలలో. 2018లో బయటపడిన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలు ప్రాసెసర్లలోనివి. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటికీ సవరణలు అవసరమైనాయి. 2017 మే నెలలో వాన్నాక్రై విండోస్ కంప్యూటర్లపై విరుచుకుపడగా బ్రిటన్ ఆసుపత్రులలో శస్త్రచికిత్సలు సైతం వాయిదా పడ్డాయి. ఆ లోపాన్ని పూరించే సవరణను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది. దానిని సకాలంలో స్వీకరించిన కంప్యూటర్లు ఆ దాడికి లొంగలేదు.

స్పామ్ విషయమూ ఇట్టిదే. వడపోత సాఫ్ట్‌వేర్ వేల లేఖలను అడ్డగించినా, తప్పించుకొని వచ్చిన ఒక్క మోసపు లేఖను నమ్మి పాస్‌వర్డ్ సమర్పించేవారిని ఏ ఆపరేటింగ్ సిస్టమూ కాపాడజాలదు.

కనుక ఏ వ్యవస్థను ఎన్నుకున్నా, దానిని అనుదినం కనిపెట్టి ఉండేవారు అవసరం. యంత్రాలకు వెచ్చించే ధనంలో కొంత భాగాన్ని వాటిని సంరక్షించే మనుషుల శిక్షణకు కేటాయించడమే వివేకం.