శిఖరం ఎక్కడికీ పోదు.. మీరు తిరిగి రావాలి!

ఆదివారం తెల్లవారకముందే లేచి, నలుగురితో కలిసి కొండెక్కడం మన నగరాల్లోనూ అలవాటుగా మారుతోంది. మంచిదే. గుండెకు మంచిది, చక్కెర అదుపులో ఉంటుంది, మనసు తేలికపడుతుంది. అయితే ఒక ప్రశ్న. మీ బృందంలో ఎవరైనా ‘ఇక నావల్ల కాదు’ అని మొహమాటం లేకుండా చెప్పగలరా? చెప్పలేకపోతే ఆ నడక ఆరోగ్యం కోసం కాదు, ఫొటో కోసమే అంటాను నేను.

ఇది నాకు తెలిసొచ్చింది ఒక ఎడారి కొండ మీద. కిందటి చలికాలం మా అమ్మాయి దగ్గరికి అమెరికాలోని శాన్‌డియాగో వెళ్లాను. అక్కడి నుంచి కారులో రెండు గంటలు వెళ్తే ఆంజా బొరేగో ఎడారి పార్కు వస్తుంది. కాలిఫోర్నియా రాష్ట్ర పార్కుల్లో అన్నింటికంటే పెద్దది. దాని ఈశాన్య భాగంలో, శాంటా రోసా కొండల వరుసలో విలేజర్ పీక్ ఉంది. ఎత్తు 5,756 అడుగులు. పర్యాటకుల్లో ఈ పేరు తెలిసినవారు తక్కువే. పోనూ రానూ సుమారు 22 కిలోమీటర్లు. రోడ్డు పక్క నుంచి మొదలుపెడితే దాదాపు 5 వేల అడుగులు ఎక్కాలి.

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. దారి పొడవునా నీళ్లుంటాయి, కూర్చోవడానికి నీడ ఉంటుంది. ఇక్కడ ఒక్క మెట్టు లేదు, చుక్క నీరు లేదు, అధికారికంగా వేసిన బాటే లేదు. గట్టు పట్టుకుని పోవడమే. అక్కడక్కడా ఎవరో పేర్చిన రాళ్ల గుట్టలే గుర్తులు. ఎడమ పక్క నిట్టనిలువు లోయ. కాలికింద జారే రాళ్లు. మన పొలం గట్ల మీద కనిపించే కిత్తనార జాతి మొక్కలు అక్కడ మోకాలెత్తున బల్లేల్లా నిలబడి ఉంటాయి. చోయా అనే జెముడు ఉంది. తగిలితే చాలు, ముళ్ల ముద్ద ఒంటికి అతుక్కుపోతుంది. చేత్తో లాగితే చేతికీ అంటుకుంటుంది. అందుకే అక్కడ తిరిగేవాళ్లు జేబులో దువ్వెన ఉంచుకుంటారు, దాన్ని విదిలించడానికి.

మేం తొమ్మిది మందిమి. ఎక్కువమంది తెలుగు పిల్లలే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. యాభై ఐదేళ్ల నేనే పెద్దవాణ్ని. చీకటితోనే బయల్దేరాం. ఒంటిగంటకల్లా ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ముందే అనుకున్నాం.

పన్నెండు దాటాక చూస్తే, పొద్దున్నుంచి అందరినీ నవ్విస్తూ వచ్చిన కుర్రాడు గొంతు విప్పడం లేదు. ముప్ఫై నాలుగేళ్లుంటాయి. తలనొప్పి, వికారం. బిస్కెట్ ఇస్తే వద్దన్నాడు. తీరా అడిగితే, రాత్రి నాలుగు గంటలే నిద్రపోయాడట. జలుబుకని మాత్ర వేసుకున్నాడట. నీళ్ల సీసాలు సంచి అడుగున ఉన్నాయని, అందరినీ ఆపడం ఎందుకని సరిగా తాగలేదట.

‘ఇంకో గంటన్నరే కదా, నువ్విక్కడ కూర్చో, మేం వెళ్లొస్తాం’ అన్నారు ఇద్దరు. చెడ్డవాళ్లేం కాదు. శిఖరం కళ్లెదుట కనిపిస్తుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. అప్పుడు మా బృందంలోని ఒకమ్మాయి, ‘ఒంటిగంట అనుకున్నాం, ఇప్పుడు పన్నెండున్నర. అందరం దిగుదాం’ అంది. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత సరేనన్నారు.

అతణ్ని ఒక చెట్టు నీడలో కూర్చోబెట్టి, మెడమీద తడిగుడ్డ వేసి, ఓఆర్ఎస్ కలిపిన నీళ్లు కొద్దికొద్దిగా తాగించాం. ముప్పావుగంటకు తేరుకున్నాడు. మెల్లగా దిగేసరికి చివరి గంట టార్చిలైట్లే దిక్కయ్యాయి. కారెక్కాక నాతో అన్నాడు, ‘పదింటి నుంచే బాగోలేదు అంకుల్. అందరూ నడుస్తుంటే ఎలా చెప్పను?’ అని. నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ పొద్దున నేనూ నా ఆయాసాన్ని దాచుకుంటూనే నడిచాను.

చలికాలమే కదా, వడదెబ్బ ఏమిటనుకోవద్దు. పొడిగాలిలో చెమట పట్టగానే ఆరిపోతుంది. చొక్కా మీద ఉప్పు చారలే మిగులుతాయి. నీరు పోతున్నట్టే తెలియదు. పైగా ఎక్కేటప్పుడు కండరాలే వేడిని పుట్టిస్తాయి. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, కండరాలు పట్టేయడం మొదటి హెచ్చరికలు. ఇక్కడ ఆగితే చాలావరకు కోలుకుంటారు. మాట తడబడినా, అడుగు తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా అది వడదెబ్బే అనుకోవాలి. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే ప్రాణాపాయం. ఒళ్లంతా తడిపి, గాలి విసురుతూ, వెంటనే సాయం పిలవాలి.

అలాగని వట్టి నీళ్లు అదేపనిగా తాగినా ప్రమాదమే. రక్తంలో సోడియం పడిపోతుంది. లక్షణాలు దాదాపు ఇలాగే ఉంటాయి. అందుకే నీళ్లతో పాటు ఉప్పు, తిండి కూడా పడాలి. బీపీకి వాడే కొన్ని మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందులు, కొన్ని జలుబు మాత్రలు ఒంటికి వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. అలాంటివి వాడుతుంటే ముందే డాక్టరును అడగండి. మీ పక్కన నడిచేవాళ్లకూ చెప్పండి.

‘ప్రతి ఒక్కరి కోసం ఆగితే పైకెప్పుడు చేరతాం? కష్టపడితేనే కదా ఒళ్లు గట్టిపడేది’ అంటారా? నిజమే, అలసట మంచిదే. కూర్చుని పది నిమిషాలు సేదతీరితే పోయేది అలసట. కూర్చున్నా పోనిది జబ్బు. ఆ తేడా అనుభవించేవాడికే ముందు తెలుస్తుంది. వాడి నోరు మూయించేది ఎండ కాదు, మన తొందర. 1996 మేలో ఎవరెస్ట్ మీద, తిరిగి రావాల్సిన సమయం దాటాక కూడా చాలామంది పైకే నడిచారు. ఆ తుపానులో 8 మంది చనిపోయారు. వాళ్లలో ఎంతో అనుభవం ఉన్న గైడ్లూ ఉన్నారు.

కాబట్టి మీరు ఏ కొండకు వెళ్లినా, అది అనంతగిరైనా, ఎడారి శిఖరమైనా, కొన్ని మాటలు ముందే అనుకోండి. వెనుదిరిగే సమయం కిందే నిర్ణయించుకోండి, పైకెళ్లాక మార్చకండి. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లను ముందు పెట్టండి. వెనకబడినవాళ్లు వచ్చి చేరగానే లేచి నడవకండి, వాళ్లకూ విశ్రాంతి కావాలి. గంటకోసారి అందరూ ఆగి తాగండి, తినండి. ఒంట్లో బాగోలేని మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి పైకి పోకండి. ఒకరు ‘చాలు’ అంటే అది అందరి నిర్ణయం కావాలి. పెద్దవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు ముందుగా ‘నాకు కాస్త ఆయాసంగా ఉంది’ అనండి. మీరంటేనే చిన్నవాళ్లకు నోరు పెగులుతుంది. ఆ రోజు నేను చేయాల్సిన పని అదే. చేయలేదు.

ఈ మధ్య ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. వచ్చే చలికాలం అందరూ మళ్లీ అదే కొండకు వెళ్తున్నారట. నన్నూ రమ్మన్నాడు. ‘ఈసారి నీళ్ల సీసా చేతిలోనే ఉంటుంది అంకుల్’ అన్నాడు. వెళ్దామనే ఉంది. బాగోకపోతే మాత్రం, పదింటికే చెప్తాను.