ముట్టుకోనిస్తేనే పాఠం

(పూర్వ విద్యార్థిని, ఎం.ఎస్సీ. ఫిజిక్స్, చివరి సంవత్సరం)



మన వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడమ్ ఫోన్ చేసినప్పుడు ముందు భయమేసింది. ఆరో తరగతిలో ట్రంకు పెట్టెతో ఈ హాస్టల్లో దిగాను, పదో తరగతి దాకా ఇక్కడే ఉన్నాను. ఆ ఐదేళ్ళలో ఇలాంటి సంచికలో నా పేరు ఒక్కసారే వచ్చింది, అదీ ముగ్గుల పోటీలో మూడో బహుమతికి. మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనే మొదటిదాన్ని. అమ్మానాన్నలు పత్తి ఏరడానికి, మిరప కోతలకు కూలికి పోతారు. ఈ మాట గొప్ప కోసం చెప్పడం లేదు. నేను రాయబోయే సంగతికి దానితో సంబంధం ఉంది.

సంగతి ఏమిటంటే, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే బోధనా సాధనాలను తరగతి గదిలో వాడాలా, వద్దా? ఊరికే కూర్చుని చూసే వీడియోల గురించి కాదు నేను అడిగేది. మనం వేలితో కదిపితే కదిలేవి, మనం మారిస్తే మారేవి ఉన్నాయి కదా, వాటి గురించి. వాడాలనే నేనంటాను. అయితే ఇప్పుడు చాలాచోట్ల వాడుతున్న పద్ధతిలో మాత్రం కాదు.

ముందు నా కథ కొంచెం వినండి. నేను పదో తరగతి చదివింది 2017-18లో. విద్యుత్తు పాఠం వచ్చింది. ఓమ్ నియమం ప్రయోగం రికార్డులో చక్కగా రాశాను. పటం గీశాను, పట్టిక నింపాను, గ్రాఫు వేశాను. అంకెలన్నీ పై తరగతి అక్క రికార్డులోంచి ఎక్కించినవే. అమ్మీటర్ మాత్రం అద్దాల బీరువాలో ఉండేది, బీరువాకు తాళం ఉండేది. ఒకసారి ధైర్యం చేసి అడిగితే సారు అన్నమాట ఇప్పటికీ గుర్తుంది: "పగిలితే మీ నాయన కడతాడా?" నాకు రికార్డుకు పూర్తి మార్కులు వేశారు. వెలిగిన బల్బును చూడకుండానే "బల్బు వెలిగినది" అని పరిశీలన రాసి మార్కులు తెచ్చుకున్నాను!

డిగ్రీ మొదటి సంవత్సరం కరోనా వల్ల తమ్ముడి ఫోనులోనే గడిచిపోయింది. 2021లో మొదటిసారి ల్యాబ్‌లో అడుగు పెట్టినప్పుడు అమ్మీటర్ చేతికిచ్చారు. ఏ తీగ ఎక్కడ తగిలించాలో తెలియలేదు. పక్కనున్న అమ్మాయి ప్రైవేటు స్కూలు నుంచి వచ్చింది, టకటకా కలిపేసింది. నాకు సూత్రం తనకంటే బాగా వచ్చు. చేతులే రాలేదు. ఆ రోజు బాత్‌రూములోకి వెళ్ళి ఏడ్చానని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

బాబాసాహెబ్ అంబేద్కర్ చిన్నతనంలో బడిలో ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చున్నారని మనం చదువుకున్నాం. దాహమేస్తే నీళ్ళ కుళాయిని తన చేత్తో తిప్పుకునే వీలు కూడా ఆయనకు లేదు. మా బడి బీరువా తాళాన్ని దానితో పోల్చడం లేదు. మా సారు మమ్మల్ని కులం చూసి ఆపలేదు, వస్తువు ఖరీదు చూసి ఆపారు. కానీ "ముట్టుకోవద్దు" అనే మాట మన వాళ్ళు తరతరాలుగా విన్నమాట. చదువులో కూడా అదే వినపడితే మన చెవికి వేరేగా తగులుతుంది.

అందుకే పీజీలో ఒక సెమినార్ కోసం వెతుకుతుంటే ఫెట్ అనేది కనపడినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళు తయారుచేసిన ప్రయోగాల బొమ్మలు అవి. 2001లో ఫిజిక్స్‌లో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఒకరైన కార్ల్ వీమన్ 2002లో ఆ పని ప్రారంభించారు. బహుమతి డబ్బులో కొంత దానికే పెట్టారు. అందులో సర్క్యూట్ కట్టే బొమ్మ ఒకటుంది. బ్యాటరీ, బల్బు, తీగ, స్విచ్ అన్నీ పక్కన పెట్టెలో ఉంటాయి. మనం లాగి కలపాలి. కలిపితే బల్బు వెలుగుతుంది, తీగలో ఎలక్ట్రాన్లు చుక్కల్లా కదులుతాయి. తప్పు కలిపితే బ్యాటరీకి మంట వస్తుంది. పగిలేది లేదు, కట్టాల్సింది లేదు. లోలకం దగ్గర నుంచి అణువుల దాకా ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి, కొన్నింటికి తెలుగు అనువాదాలు కూడా వచ్చాయి. లెక్కలకు జియోజీబ్రా ఉంది. ఆస్ట్రియాలో మార్కస్ హోహెన్‌వార్టర్ అనే ఆయన పీజీ చదివే రోజుల్లో మొదలుపెట్టిన పని అది. అర్ధవృత్తంలో కోణం మూలను పట్టుకుని ఎటు లాగినా అది తొంభై డిగ్రీలు దాటదు, తగ్గదు. సిద్ధాంతం బట్టీ పట్టి రాసిన దానికి, వేలితో లాగి చూసిన దానికి ఉన్న తేడా అప్పుడు తెలుస్తుంది.

మొన్న సంక్రాంతి సెలవులకు ముందు నాలుగు రోజులు ఊరికి వచ్చాను. మేడమ్‌ను అడిగి సాయంత్రం స్టడీ అవర్‌లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఈ బొమ్మ చూపించాను. నాది సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్. పిల్లలు ముప్పై ఇద్దరు. డైనింగ్ హాల్లో బల్ల మీద పెట్టి, నేనే బల్బులు కలిపి, నేనే స్విచ్ వేసి, నేనే వివరించాను. పిల్లలు సినిమా చూసినట్టు చూశారు. మంట వచ్చినప్పుడు కేకలు వేసి, "ఇంకోసారి అక్కా" అన్నారు. నాకు చాలా గర్వమనిపించింది.

మరునాడు బోర్డు మీద పటం గీసి, ఒకే రకం బల్బులు రెండు శ్రేణిలో కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుందని అడిగాను. దాదాపు అందరూ బ్యాటరీకి దగ్గరున్నదే అన్నారు. "మొదటిది కరెంటు తాగేస్తది కదక్కా, రెండో దానికి తక్కువ వస్తది" అంది ఒక పిల్ల. ముందురోజు సాయంత్రం రెండూ సమానంగా వెలగడం కళ్ళతో చూసిన పిల్లే! చూసింది, కానీ ఏం చూడాలో తెలియలేదు. తప్పు నాది. తాళం తీశాను గానీ బీరువా ముందు నేనే అడ్డం నిలబడ్డాను.

రెండో సాయంత్రం పద్ధతి మార్చాను. ముందు ప్రతి ఒక్కరూ తమ జవాబు నోటు పుస్తకంలో రాయాలి, ఎందుకో ఒక వాక్యం రాయాలి. తర్వాత నలుగురేసి వచ్చి కలపాలి. నేను చేతులు కట్టుకుని వెనక కూర్చున్నాను. ఇది ఎంత కష్టమో చెప్పలేను, నోరు ఊరుకోదు. మౌస్ పట్టడం రాని పిల్లలు తీగను బల్బుకు తగిలించడానికి రెండేసి నిమిషాలు తీసుకున్నారు. రెండు బల్బులూ సమానంగా వెలిగినప్పుడు, "కరెంటు తాగేస్తది" అన్న పిల్ల ఒప్పుకోలేదు. బ్యాటరీని తిప్పి పెట్టింది, అయినా అంతే. అమ్మీటర్‌ను మొదటి బల్బుకు ముందు, తర్వాత, రెండో దాని తర్వాత పెట్టి చూసింది. మూడుచోట్లా ఒకే అంకె. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా "మరి బల్బు ఏం తింటదక్కా?" అంది. ఆ ప్రశ్న నుంచి శక్తి, పొటెన్షియల్ భేదం దాకా వెళ్ళడానికి నాకు పావుగంట పట్టలేదు. తర్వాత మంట సంగతి వచ్చింది. బ్యాటరీ రెండు కొసలను వట్టి తీగతో కలిపితే నిరోధం దాదాపు ఉండదు, ప్రవాహం విపరీతంగా పెరుగుతుంది, అందుకే మంట అని చెబితే, మొన్న పై అంతస్తులో హీటర్ కాయిల్ పెట్టి ఫ్యూజు కొట్టేసింది ఎవరో అప్పుడు బయటపడింది. (పేరు రాయను, మేడమ్ ఈ సంచిక చదువుతారు.)

ఈ మాట నేను చెబితే చిన్నదాన్నని తీసిపారేయవచ్చు. కొలరాడోలోనే ఇదే బొమ్మతో చేసిన ఒక పరిశోధన 2005లో అచ్చయింది. కాలేజీ విద్యార్థుల్లో కొందరు అసలు బల్బులు, తీగలతో నేర్చుకున్నారు, కొందరు కంప్యూటర్ బొమ్మతో నేర్చుకున్నారు. తర్వాత అందరితో నిజమైన సర్క్యూట్ కట్టించి వివరించమంటే బొమ్మతో నేర్చుకున్నవారే మెరుగ్గా చేశారు. అసలు తీగలో ఎలక్ట్రాన్లు కనపడవు, బొమ్మలో కనపడతాయి. అదొక కారణం కావచ్చు.

అయితే మా ఊరి రిటైర్డ్ మాస్టారు ఒకరు ఇదంతా విని, "టార్చి బల్బు ఎంతమ్మా, దానికి కంప్యూటర్ ఎందుకు?" అన్నారు. నాకు కోపం వచ్చింది, కానీ ఆలోచిస్తే సగం నిజమే. మూడో సాయంత్రం అంగడి నుంచి సెల్లులు, టార్చి బల్బులు, తీగ తెచ్చి ఇచ్చాను. పిల్లలు రెండు బల్బులు శ్రేణిలో కలిపారు. ఒకటి కొంచెం ఎక్కువ వెలిగింది, ఇంకోటి తక్కువ! "స్క్రీన్ మీద సమానంగా వెలిగినయి కదక్కా, అది అబద్ధమా?" అని అందరూ నా మీద పడ్డారు. బల్బులు తారుమారు చేయమన్నాను. ఎక్కువ వెలిగే బల్బు ఎక్కడ పెట్టినా ఎక్కువే వెలిగింది. అంటే తేడా స్థానంలో లేదు, బల్బులో ఉంది. రెండూ వేర్వేరు కంపెనీలవి, వాటి నిరోధాలు సమానం కావు. బొమ్మలో బల్బులన్నీ అచ్చు గుద్దినట్టు ఉంటాయి, అంగడిలో ఉండవు. బొమ్మ లేకపోతే ఆ ప్రశ్న పుట్టేది కాదు, అసలు బల్బు లేకపోయినా పుట్టేది కాదు. కాబట్టి మాస్టారికి నా జవాబు, రెండూ కావాలి.

ఇక ఈ సాధనాలన్నీ మంచివే అనుకోకండి. తరగతిలో పోటీ పెట్టే క్విజ్‌లు కొన్ని ఉన్నాయి. త్వరగా నొక్కినవారికి ఎక్కువ మార్కులు, చివర్లో పేర్ల పట్టీ. మా పీజీ తరగతిలో ఒకటి ఆడించారు. ఫోను పాతదై ఆలస్యంగా తెరుచుకున్న ఇద్దరు ప్రతిసారీ అడుగున మిగిలారు, మూడో రోజు నుంచి వాళ్ళు ఆడలేదు. ఆలోచించేవారికి శిక్ష వేసే సాధనం మన పిల్లలకు అక్కరలేదని నా గట్టి అభిప్రాయం. దానికంటే ప్లికర్స్ అనేది నాకు నచ్చింది. పిల్లల దగ్గర ఫోను ఉండనవసరం లేదు. ప్రతి ఒక్కరికీ గళ్ళ బొమ్మ అచ్చు వేసిన కాగితం ఉంటుంది, నాలుగు వైపులా నాలుగు జవాబులు. తమకు సరైనదనిపించిన వైపు పైకి పెట్టి చూపిస్తే టీచరు తన ఫోను కెమెరాతో అందరివీ ఒకేసారి చదువుతారు. ఎవరిది తప్పో టీచరుకు తెలుస్తుంది, పక్కవారికి తెలియదు. ఫోనులు అనుమతించని హాస్టల్‌కు ఇంతకంటే ఏం కావాలి?

ఉచితం అనే మాట గురించి కూడా ఒక జాగ్రత్త చెప్పాలి. గూగుల్ వాళ్ళ జామ్‌బోర్డ్ మీద ఎందరో టీచర్లు పాఠాలు తయారుచేసుకున్నారు, 2024 చివర అది మూతపడింది. ఫ్లాష్ మీద నడిచే బొమ్మలు 2020 చివరితో ఆగిపోయాయి. ఫెట్ వాళ్ళు తమ పాతవాటిలో చాలావాటిని కొత్త పద్ధతిలోకి తిరగరాశారు కాబట్టి బతికాయి. కొత్త పద్ధతిలో ఉన్న బొమ్మను ఒకసారి దించుకుంటే తర్వాత నెట్ లేకుండానే నడుస్తుంది. మన హాస్టల్లో సిగ్నల్ కోసం నీళ్ళ ట్యాంకు ఎక్కాల్సిన సంగతి మీకు తెలుసు కదా, అందుకే ఇది చెబుతున్నాను.

2020 సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో యాదగిరి ఛానల్‌లో, టి-శాట్‌లో పాఠాలు వచ్చాయి. మా తమ్ముడు పక్కింట్లో టీవీ ముందు కూర్చుని రాసుకునేవాడు. ఏమీ లేనిదానికంటే అది నయమే, కాదనను. కానీ టీవీని వాడు ఏమీ అడగలేకపోయాడు. ఇప్పుడు బళ్ళలోకి పెద్ద తెరలు వస్తున్నాయి. ఆ తెర మీద టీచరు వేలే ఆడితే అది కూడా పెద్ద టీవీ అవుతుంది. 2015 నుంచి టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అమెరికాలోని ఎం.ఐ.టి., టాటా ట్రస్టులు కలిసి క్లిక్స్ అనే కార్యక్రమాన్ని తెలంగాణతో సహా నాలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో నడిపాయి. నెట్ లేని బడిలో కూడా పిల్లలు కలిసి కంప్యూటర్ ముందు కూర్చుని తామే చేసుకునేలా దాన్ని తయారుచేశారు. అంటే ఇది మన దగ్గర కుదరని పనేమీ కాదు.

నేను అడిగేది చాలా తక్కువ. వారానికి ఒక స్టడీ అవర్, ఒక పాత కంప్యూటర్, ముందు జవాబు రాసుకోవడానికి తెల్ల కాగితాలు, బడిలో ఆ బీరువా తాళం చెవి. ట్యూటర్లకు చేతులు కట్టుకుని కూర్చునే ఓపిక కూడా కావాలి, అది మాత్రం ఏ సైటులోనూ దొరకదు.

మేడమ్ ఒప్పుకున్నారు కాబట్టి ఆఫీసు కంప్యూటర్‌లో "సైన్సు" అనే ఫోల్డర్‌లో పదకొండు బొమ్మలు దించి పెట్టాను. సర్క్యూట్ బొమ్మ మొదటిది. టార్చి బల్బులు, సెల్లులు, తీగ ముక్కలు స్టోర్ రూమ్‌లో బియ్యం బస్తాల పక్కన బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. డబ్బాకు తాళం లేదు. నాలుగు బల్బుల్లో ఒకటి మాడిపోయింది, ఎలా మాడిందో తొమ్మిదో తరగతి వాళ్ళను అడగండి. ఉగాదికి వచ్చేటప్పుడు ఇంకో ఆరు తెస్తాను.