ముట్లుడుగు వయస్సు - వైద్యుల మాట

ముట్లుడుగు కాలమున స్త్రీకి హార్మోను మందు నీయవచ్చునా యను ప్రశ్నకు వైద్యలోకము 60 సంవత్సరములుగా ఒక్క మాటపై నిలిచినది కాదు. ఒకప్పుడు పుచ్చుకొని తీరవలెననిరి, తరువాత ముట్టరాదనిరి, ఇప్పుడు మరల పుచ్చుకొనవచ్చుననుచున్నారు. క్రొత్త సాక్ష్యమును చూచి శాస్త్రము మాట మార్చుకొనుటను మేము తప్పుపట్టము. మేము తప్పుపట్టునది వేఱు: మారిన ప్రతి మాటయు స్త్రీకి సగమే చేరినది.

1966లో న్యూయార్కు వైద్యుడు రాబర్ట్ విల్సన్ ‘ఫెమినిన్ ఫరెవర్’ అను గ్రంథమును ప్రకటించి, ముట్లుడుగుట యొక లోపవ్యాధి యనియు, ఈస్ట్రోజన్ బిళ్ళలతో స్త్రీత్వము నిలుచుననియు చాటెను. చూడి గుఱ్ఱముల మూత్రమునుండి తీసిన యట్టి మందు అమెరికాలో 1942 నుండియే అమ్ముడగుచుండెను. ఈ పుస్తకముతో దాని గిరాకి మఱింత పెరిగెను. గ్రంథకర్త ఖర్చులను మందుల కంపెనీ భరించెనని ఆయన కుమారుడే తరువాతి కాలమున బయటపెట్టెను. ముట్లుడిగినంతనే స్త్రీత్వము పోవునన్న మాట ఎంత అవమానకరమో మన చదువరులకు మేము వేఱుగ చెప్పనక్కఱలేదు.

1975లో, ఈస్ట్రోజన్ ఒక్కదానినే వాడిన స్త్రీలకు గర్భసంచి లోపలి పొరలో క్యాన్సరు పలురెట్లు హెచ్చుచున్నదని తేలెను. దానికి విరుగుడుగా ప్రొజెస్టరాన్ జాతి మందును జతచేసిరి. పిదప ఈ మందు గుండెకు రక్ష యను ప్రచారము బయలుదేఱెను. మందు వాడువారిలో చదువుకొన్నవారు, కలవారు, ముందే ఆరోగ్యముపై శ్రద్ధ గలవారు హెచ్చుగ నుండిరనియు, ఆ మేలు మందుదో వారి బ్రదుకుతీరుదో తేలలేదనియు ఆనాడు ఆలోచించినవారు కొందఱే.

అమెరికా ప్రభుత్వము పూనుకొని జరిపిన ‘విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్’ పరీక్షలో 16,608 మంది స్త్రీలకు జంటమందునో, ఉత్తబిళ్ళనో ఇచ్చిరి. 2002 జూలైలో దానిని నడుమనే ఆపివేసిరి. రొమ్ము క్యాన్సరు నూటికి 26 పాళ్లు హెచ్చెనని పత్రికలు పెద్దక్షరములతో ప్రకటించినవి. అబద్ధము కాదు. కాని ఆ లెక్కకు అర్థమేమి? 10,000 మంది ఏడాదిపాటు వాడినచో 30 మందికి బదులు 38 మందికి ఆ రోగము వచ్చెను. పక్షవాతము, ఊపిరితిత్తులలో నెత్తురుగడ్డలు కూడ పదివేలకు ఎనిమిదేసి చొప్పున హెచ్చినవి. తుంటి ఎముక విరుగుట అయిదు తగ్గెను. అంతకంటె ముఖ్యమైన సంగతి: పరీక్షలోని స్త్రీల సగటు వయస్సు 63. ఒళ్లంతయు ఆవిరులు క్రమ్మి, రాత్రులు చెమటలతో నిద్రలేక వైద్యుని యొద్దకు వచ్చునది 48 ఏండ్ల ఇల్లాలు. ముదుసలుల లెక్కను ఈమెకు అట్లే అంటగట్టి, “క్యాన్సరు వచ్చును, పొమ్ము” అనుట ఏ న్యాయము? పదునెనిమిది సంవత్సరముల పరిశీలన పిమ్మట, 2017లో, మందు పుచ్చుకొన్నవారికిని పుచ్చుకొననివారికిని మరణములలో భేదము కానరాలేదని వారే ప్రకటించిరి. ఈ వార్తకు పెద్దక్షరములు దొరకలేదు.

మన తెలుగు స్త్రీకి మిక్కిలి చెందు సంగతి 2004 నాటిది. గర్భసంచి తీయించుకొన్న 10,739 మందిపై ఈస్ట్రోజన్ ఒక్కదానితో జరిగిన రెండవ పరీక్షను ఆ సంవత్సరము ఆపిరి. పక్షవాతము హెచ్చెను; రొమ్ము క్యాన్సరు మాత్రము హెచ్చలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి 3.2, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. ముప్పది, నలువది ఏండ్లకే కడుపునొప్పికి, తెల్లబట్టకు కోతయే మందన్న వైద్యము ఈ నేలపై ఇంతగా సాగినది. అక్కఱలేని యిట్టి కోతలను అరికట్టు నియమములను మూడు నెలలలో అమలుపఱుపుడని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రములకు చెప్పవలసివచ్చెను. గర్భసంచితోపాటు అండాశయములు రెండును తీసినచో, ముట్లుడుగుట ఒక్కనాటిలో వచ్చి పడును. ఎముకలు గుల్లబారును, గుండెకు ముప్పు పెరుగును. అట్టి పడుచులకు, రొమ్ము క్యాన్సరువంటి అడ్డు లేనిచో, సహజముగ ముట్లుడుగు వయస్సు వచ్చువఱకు హార్మోను ఈయవలెనని నేటి వైద్యసంఘముల సలహా. కోయుటకు సంశయింపని చేయియే మందు వ్రాయుటకు 2002ను చూపి వణకుచున్నది!

“మా అమ్మమ్మలు ఈ మందులు మ్రింగిరా?” యనువారున్నారు. మ్రింగలేదు, నిద్రలేని రాత్రులను మాత్రము మ్రింగిరి. అందఱును మందు పుచ్చుకొనవలెనని మా వాదము కాదు. బాధ లేనివారికి దాని పని లేదు. రొమ్ము క్యాన్సరు, నెత్తురుగడ్డలు, కాలేయరోగము కలిగినవారికి ఆవిరులకై ఇతర మందులున్నవి. 2025 నవంబరులో అమెరికా ఔషధశాఖ ఈ మందుల డబ్బీలపై నున్న గట్టి హెచ్చరికలలో పెక్కింటిని తీసివేయింప నిశ్చయించినది. ఈస్ట్రోజన్ ఒక్కదానికి గర్భసంచి క్యాన్సరు హెచ్చరికను మాత్రము నిలిపినది. విల్సను వారసులు దీనిని పట్టుకొని మరల యౌవనమును అమ్మజూపుదురేమో, వారిని నమ్మవలదు.

వైద్యులను మేమడుగునది స్వల్పము. మందు వ్రాసినను వలదన్నను, ఆమె వయస్సెంత, ముట్లుడిగి ఎన్నాళ్లయినది, గర్భసంచి యున్నదా యని అడిగి, పదివేలలో ఎందఱికి కీడో ఎందఱికి మేలో తెలుగున చెప్పవలెను. కోత జరిగిన ప్రతి స్త్రీ చేతికిని, అండాశయములు తీసిరో ఉంచిరో ఆమె చదువుకొనగల భాషలో వ్రాసిన కాగితమీయవలెను. ఆ సంగతి యడిగినచో “ఏమో, డాక్టరుగారికే తెలియును” అను స్త్రీలు మన ఇండ్లలో ఎందఱో యున్నారు.