కొనుగోలా? కౌలా?

భూమి కొనదలచినవాడు మొదట నడుగునది పత్రము. పట్టా యెవరి పేర నున్నది, దస్తావేజు రిజిస్టరు అయినదా, పహాణీలో ననుభవదారు డెవడు అను ప్రశ్నలు తెలియని గృహస్థు తెలుగునాట నరుదు. ఒకప్పటి సేద్యపు భూములపై మేడలు లేచిన ప్రగతి నగర్ వంటి చోట్ల నివసించువారికి ఈ జాగ్రత్త ఒకరు నేర్పవలసిన పని లేదు. ఐనను, గజము నేలకు పది కాగితములు పరిశీలించు ఆ గృహస్థుడే తన కుమారునకు వీడియో గేమును కొనియిచ్చునపుడు ఒక్క కాగితమైనను చదువడు. తెరపై ‘కొనుము’ అను మాట కనబడును, మీట నొక్కును, సొమ్ము చెల్లును. తాను వస్తువును కొంటిననియే యాతని నమ్మకము.

ఆ మీట వెనుక నున్న షరతుల సారాంశము వేరు. పెక్కు సంస్థలు విక్రయించునది వస్తువు కాదు, ఆడుకొనుటకు అనుమతి మాత్రమే. ఆ యనుమతిని సంస్థ రద్దు చేయవచ్చును. ఖాతాను మరియొకరికి బదిలీ చేయరాదు. మన భాషలో దీనికి కొనుగోలని పేరు లేదు, కౌలని పేరు. అందును గడువు తెలియని కౌలు.

ఇది ఊహాభయము కాదు. 2009లో అమెజాన్ సంస్థ తాను విక్రయించిన కొన్ని పుస్తకములను పాఠకుల కిండిల్ యంత్రములనుండి తానే తొలగించినది. సొమ్ము తిరిగి యిచ్చినమాట నిజమే. కాని అమ్మినవాడు కొన్నవాని యింట జొరబడి వస్తువును తీసికొనిపోవుట యెట్టి న్యాయము? 2014లో ‘ది క్రూ’ అను గేమును వెలువరించిన యుబిసాఫ్ట్ సంస్థ 2024 మార్చి 31న దాని సర్వర్లను మూసివేసినది. డబ్బిచ్చి కొన్నవారికి అది ఆడుటకు పనికిరాకుండ పోయినది.

ఆటల విషయమున మన శాసనకర్తలు ఉదాసీనులై యుండలేదు. సికిందరాబాదులోని క్రెసెంట్ రిక్రియేషను క్లబ్బులో రమ్మీ యాడినవారిపై 1305 ఫసలీ నాటి హైదరాబాదు జూద చట్టము క్రింద నడచిన వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయినది. రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని 1967 నవంబరులో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పినది. 1974లో గేమింగు చట్టము వచ్చినది. 2017లో తెలంగాణ ప్రభుత్వమును, 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును ఆ చట్టమును సవరించి ఆన్‌లైను పందెములను నిషేధించినవి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి యామోదము పొందిన కేంద్ర చట్టము డబ్బొడ్డి యాడు ఆన్‌లైను ఆటలను దేశమంతట నిషేధించి, ఇ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహింప నుద్దేశించినది. పందెముల మూలమున గృహములు గుల్లయగుట చూచినవారెవ్వరును ఈ శ్రద్ధను తప్పు పట్టజాలరు. కాని ఈ చర్చ యంతయు ఆట పందెమా కాదా యను నొక్క ప్రశ్న చుట్టునే తిరిగినది. పందెము లేని యాటను ధర్మముగా కొన్నవానికి దానిపై నేమి హక్కు కలదను ప్రశ్నను ఈ చట్టములు స్పృశింపలేదు.

తక్కిన లోకము కొంత ముందుకు నడచినది. ఒక బాలుని బెదరించి, కొట్టి, ‘రూన్‌స్కేప్’ ఆటలోని వస్తువులను లాగుకొన్నవారు దొంగతనము చేసినవారే యని నెదర్లాండ్సు సుప్రీంకోర్టు 2012లో నిర్ణయించినది. చేతికి అందని వస్తువైనను, దానిని సంపాదించుటకు శ్రమయు కాలమును వెచ్చింపబడినవి గదా! కాలిఫోర్నియా రాష్ట్రము 2025 జనవరి 1 నుండి అమలైన చట్టముచేత, లైసెన్సు మాత్రమే యిచ్చుచు ఆ సంగతి స్పష్టపరుపక ‘కొనుము’ అని వ్రాయుటను నిషేధించినది. మన దేశముననే మద్రాసు హైకోర్టు 2025 అక్టోబరులో క్రిప్టో నాణెములు ఆస్తియేయని చెప్పినది. ఇట్టి నాణెములపై 2022 నుండియే ప్రభుత్వము నూటికి 30 వంతుల పన్ను విధించుచున్నది. పన్ను వేయుటకు ఆస్తియైనది రక్షించుటకును ఆస్తియే కావలెను గదా!

చేతనున్న చట్టములు సైతము నిరుపయోగములు కావు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, తగిన కారణము లేక ఏకపక్షముగా ఒప్పందమును రద్దు చేయు హక్కును ఒక పక్షమునకే యిచ్చి, వినియోగదారుని హక్కులను మిక్కిలి మార్చివేయు షరతును అన్యాయపు టొప్పందముగా పరిగణించుచున్నది. అట్టి షరతును చెల్లదని ప్రకటించు నధికారము రాష్ట్ర వినియోగదారుల కమిషనునకు కలదు. పదునెనిమిదేండ్లు నిండనివాడు చేసిన ఒప్పందము చెల్లనేరదని 1903లోనే ప్రివీ కౌన్సిలు తీర్పు చెప్పియున్నది. బాలుడు నొక్కిన ‘అంగీకారము’ మీట యతనిని బంధించునని వాదించువారు దీనికి సమాధానము చెప్పవలసియుందురు.

సంస్థల పక్షమున నొక మాట కలదు. ఆదాయము లేని యాటకై యేండ్ల తరబడి యంత్రములను నడుపుట ఏ వర్తకునికిని సాధ్యము కాదు. అది నిజమే. నష్టపడి నడుపుడని మేము కోరుటలేదు. మేము కోరునవి మూడే. అనుమతి మాత్రమే యిచ్చుచున్నచో, ‘కొనుము’ అను మాట తీసివేసి ఆ సంగతిని తెలుగులోను స్పష్టముగా వ్రాయవలెను. ఆటను మూయదలచినచో చాలినంత ముందుగా తెలిపి, సర్వరు లేకయే ఆడుకొను మార్గమునో, సొమ్ములో తగు భాగమునో యియ్యవలెను. కొన్నవాడు మరణించినచో వాని ఖాతాలోని కొనుగోళ్లు వారసులకు సంక్రమింపవలెను. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము మరణానంతరము తన సమాచార హక్కులను నిర్వహించుటకు నామినీని నియమించు హక్కు నిచ్చినది. సమాచారమునకు వర్తించిన న్యాయము సొమ్ముపెట్టి కొన్నదానికి వర్తింపకుండుట వింత.

2016లోనే తెలంగాణ ప్రభుత్వము యానిమేషను, గేమింగు పరిశ్రమల ప్రోత్సాహమునకై ప్రత్యేక విధానమును ప్రకటించినది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి విదేశ సంస్థకు హైదరాబాదున కార్యశాల యున్నది. మన యువకులు రాత్రింబవళ్లు తెరల ముందు కూర్చుండి ఆటలను నిర్మించుచున్నారు. ఆటలు నిర్మించు నగరము ఆటలు కొనువాని హక్కును సైతము నిర్మించుట న్యాయము. కౌలుదారునికి చట్టమువలన రక్షణ కలిగించుటకు ఈ దేశము చిరకాలము పోరాడవలసి వచ్చినది. కొన్నవానినే కౌలుదారునిగా మార్చు ఈ క్రొత్త పద్ధతిని మరల అంతకాలము సహించి యుండరాదు.