ఫత్వాకు ముందు తహకీఖ్

మన ఇళ్లల్లో ఏదైనా వస్తువు మొరాయిస్తే ఫైసలా అయిపోవడానికి అయిదు నిమిషాలు చాలు. "ఖరాబ్ హోగయా, ఫేంక్ దేవ్." చార్జరైనా, మిక్సీ అయినా, పాత కంప్యూటరైనా అదే మాట. ముఫ్తీ సాబ్ అయినా సవాల్ మొత్తం విన్నాకే ఫత్వా ఇస్తారు. మనం స్క్రీన్ మీద ఒక్క ఎర్రర్ చూసి ఇచ్చేస్తాం.

ఇలాంటి ముఖద్దమా ఒకటి ఈమధ్య చికాగోలో ఉంటున్న మా ఫూఫీ కొడుకు ఇంట్లో నడిచింది. నిందితుడి పేరు టీఐ-83 ప్లస్. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి గ్రాఫింగ్ కాలిక్యులేటర్. సమీకరణం టైప్ చేస్తే దాని గీత గీసి చూపిస్తుంది. ఉర్దూ మీడియంలో గ్రాఫ్‌ను మేం తర్సీమ్ అనేవాళ్లం. ఒక్కో తర్సీమ్‌కు పెన్సిల్, స్కేలు, సగం పీరియడ్ ఖర్చయ్యేవి. భాయ్ 2001లో ఎం.ఎస్. చదవడానికి వెళ్లినప్పుడు ఆ మిషన్ కొన్నాడు. కంప్యూటర్‌కు కలిపే నల్లటి కేబుల్ కూడా కొన్నాడు. రాత్రుళ్లు కూర్చుని అందులో చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకున్నాడు. ఒకటి జకాత్ లెక్క. ఇంకొకటి, ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే ఖిబ్లా ఎటుందో డిగ్రీల్లో చెప్పేది. హైదరాబాద్‌లో పడమరకు తిరిగి నమాజ్ చదివి పెరిగినవాడికి చికాగోలో ఖిబ్లా ఈశాన్యంగా ఉంటుందంటే మొదట మనసు ఒప్పుకోదు కదా. లెక్క వేసి చూసుకున్నాడు.

ఇప్పుడు వాళ్లమ్మాయి హైస్కూల్. అబ్బా రాసిన ప్రోగ్రాములను తన లాప్‌టాప్‌లోకి తెచ్చుకోవాలనుకుంది. నల్ల కేబుల్‌కు ఒక చివర సన్నటి పిన్ను, రెండో చివర తొమ్మిది రంధ్రాల సీరియల్ ప్లగ్. లాప్‌టాప్‌కు ఆ పోర్టే లేదు. సీరియల్‌ను యూఎస్‌బీగా మార్చే కన్వర్టర్ తెప్పించారు. గుచ్చారు. లాప్‌టాప్ జవాబు లేదంటుంది, కాలిక్యులేటర్ 'ఎర్రర్ ఇన్ ఎక్స్‌మిట్' అంటుంది. భాబీ ఫైసలా చేసేశారు: కొత్తది కొనేద్దాం. కొత్తదంటే వంద డాలర్లకు పైమాటే. "అబ్బా కా కాల్క్యులేటర్ మర్‌గయా చాచా" అని పిల్ల నాకు ఫోన్ చేసింది. పత్రికాఫీసులో మోడెంలతో కుస్తీ పట్టిన కాలం నాది కాబట్టి ఖాందాన్‌లో ఇలాంటి కేసులు నా దగ్గరికే వస్తాయి.

మిషన్ ఆన్ అవుతోందా అని అడిగాను. అవుతోంది. గీత గీస్తోందా? గీస్తోంది. మరి మర్‌గయా అని ఎలా అన్నావ్ బేటీ?

ఈ కాలిక్యులేటర్లు మాట్లాడుకునే తీరు ఒకసారి తెలుసుకుంటే మనసుకు ఎక్కిపోతుంది. ఆ 2.5 మిల్లీమీటర్ల పిన్నులో మాట కోసం రెండు తీగలు, వాటితో పాటు ఒక గ్రౌండ్, అంతే. ఊరికే ఉన్నప్పుడు రెండు తీగల్లోనూ వోల్టేజీ పైన ఉంటుంది. పంపేవాడు ఒక తీగను కిందికి లాగుతాడు. ఏ తీగను లాగాడన్నదాన్ని బట్టి అది సున్నానో ఒకటో తేలుతుంది. అందుకున్నవాడు అందిందని చెప్పడానికి రెండో తీగను లాగుతాడు. అప్పుడు మొదటివాడు వదులుతాడు, తర్వాత రెండోవాడూ వదులుతాడు. ఇదంతా ఒక్క బిట్ కోసం. తర్వాతి బిట్‌కు మళ్లీ మొదటి నుంచి. సలాం చెప్పి, వాలేకుం అస్సలాం వినేదాకా రెండో మాట ఎత్తని పాతకాలపు పెద్దమనిషి లాంటి పద్ధతి. కాబట్టి ఎర్రర్ వచ్చిందంటే దానర్థం సలాంకు జవాబు రాలేదనే, ఎవరో చనిపోయారని కాదు. జవాబు రాకపోవడానికి కారణం ఈ చివరా ఉండొచ్చు, ఆ చివరా ఉండొచ్చు, మధ్యలో తీగలోనూ ఉండొచ్చు.

తహకీఖ్ అంటే ఒకసారికి ఒక్కదాన్నే మార్చి చూడటం. నాలుగూ ఒకేసారి మారిస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. ముందు నాలుగు సన్న సెల్స్ కొత్తవి వేయించాను. అంతకంటే ముందు ప్రోగ్రాముల పేర్ల పక్కన చుక్క గుర్తు ఉందో లేదో చూడమన్నాను. గుర్తు ఉంటే అవి ఆర్కైవ్‌లో ఉన్నట్టు, కరెంటు పోయినా పోవు. లేకపోతే మామూలు మెమరీలో ఉన్నట్టు. సెల్స్ తీసి ఉంచినప్పుడు లోపలి చిన్న బిళ్ల బ్యాటరీ కూడా అయిపోయి ఉంటే, వాటికి ఇన్నాలిల్లాహి చెప్పుకోవాల్సిందే. భాయ్ జాగ్రత్తపరుడు, అన్నీ ఆర్కైవ్‌లో పెట్టాడు. తర్వాత పిన్ను. ఇది సగం దూరి ఆగిపోతుంది, ఇంకొంచెం గట్టిగా నొక్కాలి. కంపెనీ పుస్తకంలో కూడా ఇదే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌లో కేబుల్ రకం సరిగ్గా ఎంచుకున్నారా, కన్వర్టర్‌కు ఇచ్చిన కామ్ పోర్ట్ నంబరే అక్కడ ఉందా అని చూపించాను. అన్నీ సరే. అయినా జవాబ్ నదారద్.

అసలు సంగతి నల్ల కేబుల్‌లో ఉంది. టీఐ వారు సీరియల్ కేబుళ్లు రెండు రకాలు చేశారు. బూడిద రంగుదానిలో సొంత చిప్ ఉంటుంది. కంప్యూటర్‌తో 9600 వేగంతో పద్ధతిగా సీరియల్ భాషలోనే మాట్లాడుతుంది కాబట్టి కన్వర్టర్ గుండా కూడా పని చేస్తుంది. నల్లదానిలో ఆ తెలివి లేదు. సీరియల్ పోర్టులోని కంట్రోల్ తీగలను కంప్యూటర్ సాఫ్ట్‌వేరే స్వయంగా పైకీ కిందికీ ఆడిస్తుంది. అంటే లిబాస్ మాత్రమే సీరియల్, జబాన్ వేరు. కన్వర్టర్‌కు ఆ ఆట అందదు, బిట్ బిట్‌కూ ఆలస్యమైపోతుంది. మిషన్ నిర్దోషి, కేబుల్ నిర్దోషి, కన్వర్టర్ కూడా నిర్దోషే. ముగ్గురినీ ఒకే గదిలో కూర్చోబెట్టడమే కుదరని పని.

మరి దారి? పిల్ల క్లాసులో సగం మంది దగ్గర టీఐ-84 ప్లస్ ఉంది. 2004లో వచ్చిన ఆ మోడల్‌కు పాత సన్న పోర్టూ ఉంది, మినీ యూఎస్‌బీ కూడా ఉంది. సహేలీ దగ్గర ఒక్కరోజుకు అడిగి తెచ్చుకోమన్నాను. కాలిక్యులేటర్ నుంచి కాలిక్యులేటర్‌కు వేసే చిన్న తీగ భాయ్ పాత డబ్బాలోనే దొరికింది. ముందు 84ను రిసీవ్‌లో పెట్టి, ఆ తర్వాతే 83 నుంచి పంపాలి. ప్రోగ్రాములు నిమిషంలో దాటాయి. అక్కణ్నుంచి యూఎస్‌బీ తీగతో లాప్‌టాప్‌లోకి. ఖర్చు సున్నా.

ఇంత చిన్న విషయానికి ఇంత రాయాలా అంటారేమో. వంద డాలర్లు అమెరికాలో ఉన్నవాళ్లకు పెద్ద సొమ్ము కాకపోవచ్చు. కానీ ఇస్రాఫ్ అనేది జేబు బరువును బట్టి హలాల్ అయిపోదు. వుజూకు కూడా నీళ్లు వృథా చేయొద్దని పిల్లలకు చెబుతాం. అదే నోటితో బతికున్న మిషన్‌ను చెత్తబుట్టలో వేయమంటాం. ఖబర్ వస్తే ముందు తహకీఖ్ చేసుకోమన్న సూరె హుజురాత్ హుకుంను వాట్సాప్ పుకార్లకు మాత్రమే పరిమితం చేశాం. స్క్రీన్ మీద వచ్చే ఎర్రర్ కూడా ఒక ఖబరే. అది చాలాసార్లు సగం మాటే చెబుతుంది.

పోర్టులు మారుతూనే ఉంటాయి, అందులో కంపెనీలకు లాభం ఉంది. దాన్ని మనం ఆపలేం. కొనడమే పరిష్కారమని మాత్రం తొందరపడొద్దు. శాట్ పరీక్ష ఇప్పుడు కంప్యూటర్ మీదే జరుగుతోంది, అందులో డెస్మోస్ గ్రాఫింగ్ కాలిక్యులేటర్ ముందే అమర్చి ఉంటుంది. సొంత మిషన్ పట్టుకెళ్లొచ్చు, తప్పనిసరి కాదు. మరి ఎవరి కోసం కొంటున్నామో టీచర్‌ను ఒక మాట అడగొచ్చు.

మీ అల్మారాల్లోనూ ఇలాంటివి ఉంటాయి. అబ్బాజాన్ డిజిటల్ డైరీ, మామూజాన్ నోకియా ఫోన్, అన్న వాడిన కాలిక్యులేటర్. ఈ జుమ్మా సెలవులోనో ఆదివారమో ఒకసారి బయటికి తీయండి. ముందుగా సెల్స్ పెట్టే మూత తెరిచి చూడండి. ఏళ్ల తరబడి ఉన్న ఆల్కలైన్ సెల్స్ కారి లోపలి స్ప్రింగులను తినేస్తాయి. తెల్లటి పొడి కనిపిస్తే సెల్స్ తీసేసి, దూదిని కాస్త వెనిగర్‌లో ముంచి తుడిచి, బాగా ఆరనివ్వండి. కేబుల్ సంగతి తర్వాత చూద్దాం.